కుక్క మెళ్ళో అట్టముక్క

యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నేను ఒక్క అక్షరం కూడా ఎందుకు రాయలేదంటే, చిన్నప్పుడు బాతులు అడ్డమొచ్చాయి, పెద్దయ్యాక సిగ్గు అడ్డమొచ్చింది.

దివిసీమలో, హంసలదీవికి ఇవతల మా ఊరు. మా నాన్న బాతులు మేపేవాడు. వరి కోతలయ్యాక రాలిన గింజల కోసం మందని పొలం నుంచి పొలానికి, ఊరి నుంచి ఊరికి తోలుకుపోవాలి. ఇంటికి పెద్దపిల్లని కాబట్టి మంద వెనక కర్ర పట్టుకుని నేను నడిచేదాన్ని. బడి ఉన్న ఊళ్ళో మేము నాలుగు రోజులకంటే ఉండేవాళ్ళం కాదు. పెళ్ళయి బందరు వచ్చాను. మా ఆయన కోర్టులో అటెండరు. "కూర్చోవే, నేర్పిస్తాను" అని ఆయన కొత్తలో రెండు మూడుసార్లు అన్నారు. అప్పటికి పిల్ల చంకలో ఉంది. ఆ పిల్ల బడికి వెళ్ళే వయసొచ్చాక దాని ముందు పలక పట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

అందుకని, చదువు రాదని ఎవరికీ తెలియకుండా బతకడం నేర్చుకున్నాను. మా క్రైస్తవుల గుడిలో ఆరాధన జరిగేటప్పుడు అందరితోపాటు కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని. కీర్తనలన్నీ నోటికొచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బస్టాండులో ఎవరో ఒకర్ని ఆపి, "కళ్ళజోడు మర్చిపోయి వచ్చానమ్మా, ఇది గుడివాడ బస్సేనా?" అని అడిగేదాన్ని. అప్పటికి నాకసలు కళ్ళజోడే లేదు.

చివరికి నన్ను పలక ముందు కూర్చోబెట్టింది మా కుక్క.

వాడికి పేరంటూ పెట్టలేదు. కూనగా ఉన్నప్పుడు గేటు కింద నుంచి దూరి వస్తే మా ఆయన "ఒరేయ్, ఎవర్రా నువ్వు?" అన్నారు. వాడు తోక ఊపాడు. అప్పటినుంచి ఒరేయ్ అంటేనే వస్తాడు. వీధిలో ఎవరు ఎవర్ని ఒరేయ్ అని పిలిచినా, తనకే పనిపడిందనుకుని గేటు దగ్గరికి పరిగెత్తుతాడు. గోధుమరంగు ఊరకుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది.

ముందటేడు క్రిస్మస్ వెళ్ళిన వారానికి వాడు బకెట్లో తల పెట్టి తీయకుండా నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. ఎంత తిన్నా పక్కటెముకలు బయటపడ్డాయి. ఒకరోజు పొద్దున లేవలేదు. మా అమ్మాయి గుడివాడలో ఉంటుంది. అక్కడ మంచి పశువుల డాక్టరమ్మ ఉందని చెబితే, ఆటో మాట్లాడుకుని వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని వెళ్ళాం. ఆ డాక్టరమ్మ మా అమ్మాయి వయసు మనిషి. రక్తం తీసి చూసి, "వీడికి షుగరండీ" అంది.

మా ఆయనకి నవ్వాగలేదు. "కుక్కకి షుగరేంటమ్మా! నాకుందంటే సరే, ఉద్యోగం చేసినన్నాళ్ళూ టీలు తాగాను. వీడేం తాగాడు?"

"మీ టీలో బిస్కెట్ ముంచి వీడికి పెట్టలేదా బాబాయ్ గారూ?"

ఆయన ఫ్యాను వైపు చూశారు.

"దానివల్లే వచ్చిందని నేను అనను. కానీ ఇకమీదట పెట్టకండి" అని ఆ పిల్ల వాడి ఎడమ కన్ను తెరిచి చూపించింది. నల్లగుడ్డు మీద పాలమీగడలాంటి పొర. "ఈ కన్ను పోయినట్టేనమ్మా. రెండోది ఇంకా బాగుంది. షుగర్ అదుపులో ఉంటే దాన్ని కాపాడుకోవచ్చు. అదుపు తప్పితే అది కూడా పోతుంది." చిన్న దూది ముక్క తీసి వాడి కుడికన్ను ముందు పైనుంచి వదిలింది. దూది చప్పుడు చేయదు కదా. వాడి తల దూదితోపాటు కిందికి దిగింది. "ఇలా చూస్తున్నంతకాలం భయం లేదు" అంది. తర్వాత రోజుకి రెండు సూదులు ఎలా వేయాలో నేర్పించి, ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టింది. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, ఏం తిన్నాడో, సూది వేశామో లేదో అందులో రాయాలట.

మొదట మా ఆయనే రాసేవారు. సూది మాత్రం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళం వేసేవాళ్ళం. ఒక సాయంత్రం నేను సూదిలోకి మందు తీసుకుని వాడి మెడమీద చర్మం పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన సందు చివరి కొట్టునుంచి వచ్చి గుమ్మంలో కేక వేశారు. "ఏమే! ఆగు! నేను వేసేశాను!"

పుస్తకం బల్లమీద తెరిచే ఉంది. ఆయన రాసే వెళ్ళారు. అది నా కళ్ళెదురుగానే ఉంది. రెండుసార్లు పడితే వాడు నిద్రలోనే పోయేవాడని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం మా గుడిలో స్త్రీల సమాజం కూడిక ఉంది. అందరూ వెళ్ళేదాకా కూర్చుని, పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్ళి, "నాకు అక్షరాలు రావండి" అన్నాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "మీరు పుస్తకం తిరగేసి పట్టుకుంటారు కదమ్మా, నాకెప్పుడో తెలుసు. మీరే వస్తారని చూస్తున్నాను" అన్నారు. ఆవిడ మా గుడికి వచ్చిన ఈ మూడేళ్ళూ వెనక వరసలో నేను చేస్తున్న నటన అంతా ఆవిడ వేదిక పక్కనుంచి చూస్తూనే ఉన్నారన్నమాట.

అందరూ అ, ఆలతో మొదలుపెడతారు. నేను పట్టుబట్టి మొట్టమొదట నేర్చుకున్న మాట "వేశాను". ఆ ఒక్క మాట నోటుపుస్తకంలో రెండు పూటలా నెలరోజులు రాసేసరికి చెయ్యి తిరిగింది. తర్వాత "తిన్నాడు". ఆ తర్వాత "తినలేదు". దసరా నాటికి పేపర్లో పెద్దక్షరాలు కూడబలుక్కునేదాన్ని. కళ్ళజోడు కూడా కొన్నాం, ఈసారి నిజంగానే.

నిరుడు క్రిస్మస్ ముందు డాక్టరమ్మ అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చింది. పండగ రోజుల్లో కుక్కలకి పెట్టకూడనివి. అది ఎవరిచేతా చదివించుకోకుండా నేనే చదివాను. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉడికిన ఎముకలు, మాంసం మీద కొవ్వు. మా ఆయన కొనుక్కునే షుగర్ ఫ్రీ బిస్కెట్ల సంగతి కూడా ఉంది. మనకి మంచివే కానీ, అలాంటివాటిలో కొన్నిట్లో వేసే తీపి మందు కుక్కలకి విషమట. నేను అన్నీ పాటించాను. కిస్‌మిస్ వేసిన కేకు బీరువామీదికి ఎక్కింది. షుగర్ ఫ్రీ డబ్బా ఆయన చొక్కాల మధ్యకి వెళ్ళింది. కోడికూరలో ఎముకలు లెక్కపెట్టుకుని గిన్నెలో వేసి మూతమీద రుబ్బురాయి పెట్టాను.

"దొంగలకి కూడా మనం ఇంత భయపడలేదే" అన్నారాయన.

నాకు మిగిలిన భయమల్లా మా వీధి. మా వీధిలో క్రిస్మస్‌కి మేము అందరిళ్ళకీ పిండివంటల ప్లేట్లు పంచుతాం. ఉగాదికీ దీపావళికీ వాళ్ళవి మాకొస్తాయి. ప్లేటు ఖాళీగా తిరిగి ఇవ్వడం ఏ ఇంట్లోనూ లేదు. పండగ పూట గుమ్మంలోకి వచ్చిన కుక్కకైనా పిల్లికైనా ఏదో ఒకటి పెట్టకుండా పంపడం కూడా లేదు. మా వాడేమో నా కొంగు వదలకుండా ఎనిమిదిళ్ళూ తిరుగుతాడు. కట్టేసి వెళ్తే వీధంతా వినపడేలా ఏడుస్తాడు.

ఆలోచించి, కేకు వచ్చిన అట్టపెట్టె మూత చింపాను. దానిమీద స్కెచ్ పెన్నుతో పెద్దగా రాశాను.

"నాకు షుగర్. పంచదార పెట్టకండి."

రెండు చిల్లులు పొడిచి పురికొస కట్టి వాడి మెళ్ళో వేశాను. ఇంటి బయటివాళ్ళు చదవడానికి నేను రాసిన మొదటి రాత అదే. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక, కొత్త చీర మార్చకుండానే ప్లేట్లు పట్టుకుని బయల్దేరాను. ముందు నేను, వెనక వాడు. అట్ట మోకాళ్ళకి కొట్టుకుంటున్నా కోర్టు బంట్రోతులా హుందాగా నడిచాడు.

మొదటిది పక్కింటి వదిన ఇల్లు. వాళ్ళది గిలకలదిండిలో ఎండుచేపల వ్యాపారం. ఆవిడ గొంతు వీధి ఆ చివరికి వినపడుతుంది. అట్ట పట్టుకుని ఆ గొంతుతోనే చదివింది. "నాకు షుగర్. పంచదార పెట్టకండి. ఓర్నీ! వీడే రాశాడా ఏంటి వదినా?"

"నేనే రాశాను."

"నువ్వా! మా మరిది పెళ్ళికార్డు నాచేత చదివించుకున్నావు, కళ్ళజోడు లేదని!"

"అప్పుడు లేని మాట నిజమే కదా వదినా."

"నీ దుంప తెగ!" అని నవ్వి, మా వాడి వైపు చూసింది. "పండగ పూట వీణ్ణి ఉత్త నోటితో ఎలా పంపను?" లోపలికెళ్ళి మైసూరుపాకు డబ్బా తీసింది. అట్ట గుర్తొచ్చి మళ్ళీ మూత పెట్టేసింది. ఇంకో డబ్బా తీసింది. "బెల్లం ముక్కయితే పర్లేదుగా?"

"బెల్లానికేం వదినా, అది మంచిదే" అన్నాను.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. నేను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. బాలింతకి బెల్లం పెడతాం. రక్తం లేని పిల్లకి బెల్లం పెడతాం. మా ఆయనకి షుగర్ వచ్చిందన్న రోజునే ఇంట్లోంచి పంచదార తీసేసి బెల్లం డబ్బా పెట్టాను. ఆయన రోజుకి మూడు బెల్లం టీలు తాగేవారు. అది పథ్యమనే ఇద్దరం అనుకున్నాం. షుగర్ ఎందుకు తగ్గట్లేదో అర్థంకాక ఆయన డాక్టరు మందులు మారుస్తూ ఉండేవాడు. పంచదార ఫ్యాక్టరీలో తయారయ్యేది, బెల్లం మన చెరుకుతోటలో వండేది. అది కీడు చేస్తుందని మా వీధిలో ఎవరికీ తోచలేదు.

రెండో ఇంట్లో మామ్మగారు అట్ట చదివి మెచ్చుకుని, "మా అరిసె బెల్లం పాకమేనమ్మా, దగ్గరుండి పట్టాను" అని సగం విరిచి పెట్టింది. మూడో ఇంట్లో బందరు లడ్డు. "ఇది బెల్లంతో చేసిందే, పంచదారది పక్కన పెట్టేశాను" అన్నారు. లడ్డులో కిస్‌మిస్ కనిపించింది. కాగితంలో చదివింది గుర్తొచ్చి, దాన్ని గిల్లి తీసి నా నోట్లో వేసుకుని, ఎంత జాగ్రత్తపరురాలినో అనుకున్నాను. ఎనిమిదిళ్ళలోనూ ఇదే వరస. అందరూ ఆగి నా రాత చదివారు. ఎవరూ చిటికెడు పంచదార కూడా పెట్టలేదు. నా మాటకి ఇంత విలువ నా జన్మలో ఎప్పుడూ దొరకలేదు. ఇంటికొచ్చేసరికి నా కాళ్ళు నేలమీద లేవు.

సాయంత్రం అయిదింటికి వాడు గిన్నెడు నీళ్ళు తాగాడు. మళ్ళీ పోస్తే అవీ తాగాడు. తర్వాత బాత్రూం బకెట్లో తల పెట్టాడు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఏడింటికి కోడిమాంసం, బీరకాయ, కొలత ప్రకారం అన్నం కలిపి పెడితే వాసన చూసి పక్కకి తిరిగి పడుకున్నాడు. తినకపోతే సూది వేయకుండా ముందు ఫోన్ చేయమని నోటుపుస్తకం మొదటి పేజీలోనే ఉంది. చేశాను.

"ఏం తిన్నాడమ్మా ఇవాళ?" అంది డాక్టరమ్మ.

"కూడనిదేమీ తినలేదమ్మా. కేకు బీరువామీద ఉంది. పంచదార పెట్టొద్దని బోర్డు రాసి మెళ్ళో కట్టాను. అందరూ బెల్లమే పెట్టారు."

"బెల్లం తియ్యగా ఉంటుందా అమ్మా?"

"ఉంటుంది... కానీ అది బెల్లం కదా."

"వీడి రక్తంలోకి వెళ్ళాక అదీ పంచదారే అమ్మా. మీకెవరు చెప్పారు మంచిదని?" ఆ పిల్లకి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. కోపమే గెలిచింది. "సరే, కంగారు పడకండి. వాంతి చేసుకున్నాడా? తూలుతున్నాడా?"

"లేదు."

"అయితే రాసుకోండి. మీకు రాయడం వచ్చుగా ఇప్పుడు."

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని రాశాను. మాంసం ముక్కలు చేత్తో పెట్టి చూడాలి. కొంచెమైనా తింటే ఈ ఒక్క పూటకి సగం మందు. అసలు తినకపోతే, వాంతి అయితే, తూలితే వెంటనే బయల్దేరాలి. నీళ్ళు ఆపకూడదు. పొద్దున పది లోపల గుడివాడ తీసుకురావాలి. ఎవరెవరు ఏం పెట్టారో, ఎంత పెట్టారో అన్నీ రాసుకుని రావాలి. మనిషి మాట్లాడుతుంటే ఆ వేగానికి రాయడం నాకు అదే మొదలు. చివర్లో అడిగాను. "కన్నుకేమైనా అవుతుందా అమ్మా?"

"ఒక్క రోజుకే పోదు. కానీ ఇలాంటి రోజులు వాడికి ఇంకొన్ని వద్దు."

నాలుగు ముక్కలు తిన్నాడు. సగం మందు వేశాను. "సగం వేశాను" అని రాశాను. తర్వాత జాబితా మొదలుపెట్టాను. ఒకటో ఇల్లు, బెల్లం ముక్క, నిమ్మకాయంత. రెండో ఇల్లు, అరిసె సగం. నేను పైకి చదువుకుంటూ రాస్తుంటే మా ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు. ఎనిమిదో ఇల్లు అయ్యాక గొంతు సవరించుకున్నారు.

"ఇంకోటి రాయి."

"ఎవరిది?"

"మనదే. మధ్యాహ్నం నా అరిసెలో సగం. వాడు అలా చూస్తుంటే..."

తొమ్మిది, మా ఆయన, అరిసె సగం. రాస్తుంటే కళ్ళు మసకబారాయి. అందరూ ప్రేమగానే పెట్టారు. ఎనిమిదిళ్ళకీ దారి చూపించింది మాత్రం నా అట్టే.

"ఏమే," అన్నారాయన మెల్లిగా, "అయితే నా టీ..."

"మీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.

ఆ రాత్రి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు పోశాం. వాకిట్లోకి తీసుకెళ్ళాం, తీసుకొచ్చాం. తెల్లవారింది.

వెలుతురు రాగానే నేను చేసిన మొదటి పని దూది వెతకడం. మంచు పడినట్టు ఉంటుందని మా అమ్మాయి క్రిస్మస్ చెట్టంతా దూది అతికించి వెళ్ళింది. బందరులో ఎవరం ఎరగని ఆ మంచులోంచి ఒక ముక్క తుంచాను. వాడు గుమ్మం దగ్గర కూర్చుని నన్నే చూస్తున్నాడు. వాడి కుడికన్ను ముందు దూది పైకెత్తి పట్టుకున్నాను. వదలడానికి నా వేళ్ళు విడిపోలేదు. మా ఆయన పళ్ళు తోముకోవడం ఆపి, నోట్లో బ్రష్షుతోనే నిలబడిపోయారు.

వదిలాను. దూది మెల్లగా దిగింది. వాడి తల కూడా దానితోపాటు మెల్లగా దిగింది. నేలకి తగిలాక ముక్కుతో పొడిచి, తినేదేమోనని నాలికతో చూశాడు. నేను గబుక్కున లాగేసుకున్నాను.

ఏడింటికి గిన్నె ఖాళీ చేశాడు. సూది వేసి, "తిన్నాడు. వేశాను" అని రాశాను. తర్వాత నిన్నటి అట్ట తీసి, వెనక్కి తిప్పి, మళ్ళీ స్కెచ్ పెన్ను పట్టుకున్నాను.

"తీపి ఏదీ వద్దు. బెల్లం కూడా వద్దు. అరిసె, లడ్డు వద్దు. తల నిమరండి, చాలు."

ఆటో వచ్చేలోగా ఉత్త చేతులతో మళ్ళీ ఎనిమిదిళ్ళూ తిరిగాం. నిన్నటి తప్పు నాదేనని ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. పక్కింటి వదిన అట్ట చదివి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "బెల్లం కూడానా! మా అత్తగారికి పొద్దున్నే బెల్లం టీ ఇచ్చొచ్చాను వదినా!" అని లోపలికి పరిగెత్తింది. గ్లాసు లాక్కున్న చప్పుడూ, ముసలావిడ తిట్లూ వాకిట్లోకి వినిపించాయి. వదిన తిరిగొచ్చి వంగి వాడి తల నిమిరింది. వాడు ఆవిడ చేతులు రెండూ వాసన చూసి, ఏమీ లేదని తెలిసి నిట్టూర్చాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన టీగ్లాసు పట్టుకుని నా కోసం చూస్తున్నారు. "ఇందులో ఏమీ వెయ్యలేదే. ఇది టీయేనంటావా?" అన్నారు. నేను బెల్లం డబ్బా దించి, దానిమీద కాగితం అంటించి, "ఇద్దరికీ వద్దు" అని రాశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, అక్షరాలు బాగా కుదిరాయన్నారు. ఆటో హారన్ మోగింది. నోటుపుస్తకం సంచిలో వేసుకుని, వాణ్ణి ఎత్తుకుని, కుడికన్ను రోడ్డువైపు ఉండేలా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.